నిధుల కమిటీలో బీడీ కూలీ
ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే బోదకాలు గోలీ, డీఈసీ, మనవాడి చలవే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్ 1947లో దాన్ని వెలుగులోకి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఈ జబ్బు అంటుకున్నాకే అక్కడి పరిశోధకుల చూపు దీనిమీద గట్టిగా పడింది. ఆ గోలీ రక్తంలోని పిల్లపురుగులను చంపుతుంది. అప్పటికే వాచి మొద్దుబారిన కాలును మామూలు చేయలేదు.

కోనరావుపేట వైపు అలాంటి కాలున్న అవ్వను దేనిమీద పరిశోధన జరగాలో అడిగి చూడండి. జన్యువుల ఊసెత్తదు. "జరం మళ్ల మళ్ల ఎందుకొస్తది? ఈ కాలుకు పట్టే చెప్పు యాడ దొరుకుతది?" అంటుంది.

పరిశోధన నిధుల దరఖాస్తులకు మార్కులేసే గదిలోకి ఈ ప్రశ్నలు రావు. అక్కడ పెద్ద సంస్థ పేరుకూ, అచ్చయిన పేపర్లకూ బలమెక్కువ. మోకాళ్ల అరుగుదలపై 2000లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చూడండి. పరిశోధనల్లో అత్యధికం మందుల చుట్టూనే తిరిగాయి. రోగులకేమో ఆ నొప్పితో రోజు గడుపుకోవడమెలాగో తెలియాలి.

బ్రిటన్‌లో 2004లో మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్ పద్ధతి వేరు. రోగులు, వాళ్లను చూసుకునేవాళ్లు, డాక్టర్లు పంపిన ప్రశ్నలన్నీ పోగేస్తారు. ఇప్పటికే జవాబున్నవి ఏరి తీసేస్తారు. (తెలిసినదాన్నే మళ్లీ తేల్చడానికి చందాల డబ్బు తగలేయడం నా దృష్టిలో పాపమే.) మిగిలినవాటిని అందరూ కూర్చుని, వాదులాడుకుని, పదికి దించుతారు. మందుల కంపెనీలకు ఆ గదిలో చోటు లేదు.

మన దగ్గరా అలా అడిగితే కోరుట్ల, జగిత్యాలల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల నడుము, తంబాకు దుమ్ముకొచ్చే దగ్గు పైకొస్తాయి. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) మోతకు మొద్దుబారిన చెవులు వస్తాయి. గల్ఫ్ ఎండల్లో ఏళ్లు గడిపి వచ్చినవాళ్ల కిడ్నీల సంగతీ ఎవరో ఒకరు ఎత్తుతారు.

అన్నీ ఇలాగే తేల్చాలని నేననను. ఎవరూ అడగని ప్రశ్న వెంట పడే శాస్త్రవేత్తకూ కొంత సొమ్ము పక్కన పెట్టాల్సిందే. సగానికి మించి మాత్రం వద్దు.

ఇంకో ఖర్చుంది. బీడీ కూలి వెయ్యికింత అని లెక్క. ప్రశ్నలు తేల్చే మీటింగ్‌కు వచ్చిన పూట బీడీలు చుట్టే ఆమె చాట ఖాళీ. డాక్టరుకు సిట్టింగ్ ఫీజు రాసే పద్దులోనే ఆమె కూలీ రాయాలి, బస్సు కిరాయితో సహా.