దెబ్బ దారి తీయాలి, పట్టు పని ముగించాలి

గుడిబండెలో బైరేగౌడ కోట ఉన్న కొండ కింద పొద్దున్నే సాధన చేస్తుంటే, చూడవచ్చిన కుర్రవాళ్లు తరచూ ఒక మాట అడుగుతారు: "అన్నా, హాప్కిడో అంటే చేయి మెలిపెట్టి పడేసేది కదా, మళ్లీ ఈ గుద్దులు, తన్నులు ఎందుకు?" మంచి ప్రశ్న. ఈ కొరియా పోరు విద్యలో అసలు కీలకం దాని జవాబులోనే ఉంది.

ఒకడు మన మణికట్టు గట్టిగా పట్టుకున్నాడనుకోండి. వాడి మనసంతా ఆ పట్టులోనే ఉంటుంది. మోచేయి, భుజం, నడుము బిగుసుకుని ఉంటాయి. ఆ బిగువు మీద కీలు తిప్పబోతే ఇద్దరిలో బలమున్నవాడే నెగ్గుతాడు. అదే సమయంలో వాడి కళ్ల ముందుకు చేతి వెనకభాగంతో ఒక విసురు విసిరినా, మోకాలి కింది ఎముక మీద ఒక తన్ను తన్నినా, తల వెనక్కి పోతుంది, బరువు మడమల మీదికి జారుతుంది, వేళ్లు సడలుతాయి. ఆ అర క్షణంలోనే మణికట్టు తిప్పాలి. మన మెట్టచేలల్లో నేల బిగిసినప్పుడు వేరుశనగ చెట్టును ఊరికే లాగితే కాడ తెగి కాయలు మంట్లోనే ఉండిపోతాయి. ముందు మన్ను కదిలించాలి. హాప్కిడోలో దెబ్బ చేసే పని అదే.

ఈ విద్యకు మూలపురుషుడు చోయ్ యోంగ్‌సుల్. జపాన్‌లో తకెడా సోకకు దగ్గర నేర్చానని చెప్పేవాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కొరియా తిరిగొచ్చి, 1948లో దేగు నగరంలో సో బోక్‌సోప్ అనే జూడో వీరుడికి నేర్పడం మొదలుపెట్టాడు. చోయ్ విద్యలో పట్లు, విసుర్లు ప్రధానం. ఆయన శిష్యుడు జీ హాన్‌జే దానికి కొరియా తన్నులనూ, గుద్దులనూ విరివిగా చేర్చాడు. బ్రూస్ లీ 1972లో చిత్రీకరించిన 'గేమ్ ఆఫ్ డెత్'లో ఆయనతో తలపడేది ఈ జీ హాన్‌జేనే.

దెబ్బనూ పట్టునూ జోడించడం మనకు కొత్తేమీ కాదు. మైసూరు దసరాలో విజయదశమినాడు అరమనె ఆవరణలో జెట్టీలు వజ్రముష్టి కాళగ అనే కుస్తీ పోరు ఆడతారు. తలలు గొరిగించుకుని, కుడి పిడికిలికి మొనలున్న ఆయుధం తొడుక్కుని తలపడతారు. తొలి నెత్తురు చుక్క కనబడగానే పోరు ఆగిపోతుంది. ఈ జెట్టీలను దక్షిణాది కులాల గురించి రాసిన థర్‌స్టన్ తన 1909 నాటి గ్రంథంలో తెలుగు మల్లుల కులంగా పేర్కొన్నాడు. తెలుగు సీమల్లో నరాల నొప్పులకు లేపనాలు రుద్ది నయం చేసేవారనీ రాశాడు. ఎక్కడ తగిలితే నొస్తుందో తెలిసినవాడికి ఎక్కడ రుద్దితే తగ్గుతుందో కూడా తెలియాలి. ఆ ఎరుక లేని దెబ్బను నేను విద్య అనను.

ఎక్కడ ఆపాలో తెలియడమూ విద్యలో భాగమే. చట్టమూ అదే అడుగుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతుంది. రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదని 37వ సెక్షన్ హద్దు గీస్తుంది. ఒట్టి గుద్దులే నేర్చినవాడికి భయంలో ఆ హద్దు దాటడం సులువు. దెబ్బ వెంటనే పట్టులోకి వెళ్లడం అలవాటైనవాడు ఎదుటివాణ్ని నేలకు అదిమి అక్కడితో ఆగగలడు.

అందుకే నేర్పేవాళ్లకు నా విన్నపం. తన్నులు ఒక నెల, పట్లు ఇంకో నెల అని విడదీయకండి. మొదటి పాఠం నుంచే రెండింటినీ కలిపి నేర్పండి. చెప్పగానే పడిపోయే జోడీతో సరిపెట్టకుండా, నిజంగా ఎదురు నిలిచేవాడితో సాధన చేయించండి. మీ అమ్మాయినో అబ్బాయినో చేర్పించే ముందు, అమ్మా, అయ్యా, ఒక్కసారి వెళ్లి చూడండి: అక్కడ దెబ్బ పట్టుకు దారి తీస్తోందా, పట్టు పడ్డాక చేయి ఆగుతోందా? రెండూ ఉంటే నిశ్చింతగా చేర్పించండి.