మిషనరీ భాషాశిక్షణ: అనువాదకునికి ఒక పాఠం

మతప్రచారానికై పరదేశం వెళ్లే యువకుని శిక్షణ సాహిత్యవిమర్శకు విషయమెట్లవుతుందని కొందరు ఆశంకించవచ్చు. మతం మాట ఎట్లున్నా, ఒక భాషలో పుట్టినవాడు మరొక భాషలో మనుష్యుల మనస్సును తాకవలెనంటే ఏమి నేర్వాలి, ఎట్లు నేర్వాలి అన్న ప్రశ్న మిషనరీకి ఉన్నట్లే అనువాదకునికీ ఉన్నది. మిషనరీలు దానికి క్రమబద్ధమైన సమాధానం వెదికినారు. మనం వెదకలేదు. వారి సమాధానంలోని బలమేది, కొరత ఏది అని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లోకం మోర్మనులని పిలిచే సంఘాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, ప్రోవో నగరాన, ఈ సంఘంవారు 1961లో భాషాశిక్షణ సంస్థ నొకదానిని ప్రారంభించినారు. మొదట అక్కడ నేర్పినది స్పానిష్. 1978 నుండి దానికి మిషనరీ శిక్షణ కేంద్రమని పేరు. నేడు ఏబదికి పైగా భాషలు బోధిస్తున్నారు. పదునెనిమిదేండ్లు నిండిన యువకుడు రెండేండ్లపాటు, యువతి ఏడాదిన్నరపాటు చదువును, ఉద్యోగాన్ని పక్కనబెట్టి, చాలమట్టుకు తమ కుటుంబాల ఖర్చుమీదనే సేవకు పోతారు. కొత్త భాష నేర్వవలసినవారికి శిక్షణ సుమారు ఆరు మొదలు తొమ్మిది వారాలు. 2020 తరువాత అందులో కొంతభాగం ఇంటివద్దనే యంత్రమాధ్యమంగా సాగుతున్నది. ఈ సంఘం మన దేశంలో 1993లో బెంగుళూరు కేంద్రంగాను, 2007లో న్యూఢిల్లీ కేంద్రంగాను మిషన్లను ఏర్పరచింది.

ఈ శిక్షణలో ప్రశంసింపదగిన గుణం, వ్యాకరణం పూర్తికాకముందే నోరు తెరిపించడం. ప్రార్థన, విశ్వాసప్రకటన, కుశలప్రశ్న మొదట వస్తాయి. ఒకరు గృహస్థుగాను, మరొకరు అతిథిగాను నటించి సంభాషణ సాధన చేస్తారు. తప్పు మాట్లాడడానికి సిగ్గుపడనివాడే భాష నేరుస్తాడు. మన విశ్వవిద్యాలయాలలో పరభాషాసాహిత్యం చదివి పట్టం పుచ్చుకొన్నవారిలో, ఆ భాషలో కూరలు బేరమాడగలవారు ఎందరు?

కాని కొరత కూడ ఇక్కడనే ఉన్నది. ఈ శిక్షణలో శిష్యుడు చెప్పవలసిన విషయం ముందే నిర్ణయమై ఉన్నది. భాష దానికి వాహనం మాత్రమే. 1961లోనే ఆ సంఘంవారు లోకమంతటికీ ఒకే తీరు పాఠాలను నిర్ణయించి కంఠస్థం చేయించినారు. 2004లో ఆ పద్ధతిని విడిచి, బోధకుడు విషయాన్ని గ్రహించి తన మాటలలో చెప్పాలని కొత్త మార్గదర్శిని ప్రకటించినారు. వల్లించిన వాక్యం వినేవాని హృదయాన్ని చేరదని నాలుగు దశాబ్దాల అనుభవం చెప్పినట్లున్నది. అయినా, మాట తనదైనా సందేశం మారలేదు. చెప్పడానికి నేర్చిన భాష, సందేశం ముగిసినచోటనే ఆగిపోతుంది. వినడానికి నేర్చిన భాషకు ఆ హద్దు లేదు.

తెలుగులో ఆ సంఘం పేరే చూడండి: యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. అర్థానికి లోపం లేదు. కాని ఆ ‘యొక్క’ ఇంగ్లీషు వాక్యం వెంట వచ్చిన అతిథి. ఇంటిలో మాట్లాడే తెలుగువాడు ‘రాముడి ఇల్లు’ అంటాడు. ‘రాముని యొక్క ఇల్లు’ అనడు. ఇది ఒక్క సంఘం దోషం కాదు. క్రైస్తవ వాఙ్మయంలోను, ప్రభుత్వపు తర్జుమాలలోను, మన ఆధునిక అనువాదాలలోను ‘యొక్క’, ‘మరియు’ ఇట్లే విహరిస్తున్నవి. ఇందుకు విరుద్ధంగా, ఆ సంఘం హైదరాబాదులో వేరూనిన తీరు గమనింపదగినది. 1978లో సమోవానుండి మిషనరీలుగా వచ్చినవారు ఒక తెలుగు దంపతులు. వారు ముందుగా మాట్లాడినది తమ బంధువులతోనే. ఏ కేంద్రమూ వారికి తెలుగు నేర్పనక్కరలేకపోయింది.

మన భాషాచరిత్రలో ఈ రెండు మార్గాలకూ సాక్ష్యాలున్నవి. 1805లో విశాఖపట్టణం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డె గ్రాంజిలు బైబిలు భాగాలను తెనిగించడానికి ఆనందరాయరును ఆశ్రయించవలసి వచ్చింది. ఇక 1812లో మద్రాసున నెలకొన్న సెయింట్ జార్జి కోట కాలేజీ మతశిక్షణాలయం కాదు. కుంపిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పిన శాల. 1817లో అక్కడ చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగియై వెళ్లినాడు. శిక్షణ అక్కడితో ముగిసింది. అధ్యయనం అక్కడ మొదలైంది. పన్ను వసూలుకు, వ్యాజ్యాల పరిష్కారానికి చాలినంత తెలుగు అతనికి వచ్చు. వేమన అతని ఉద్యోగానికి అవసరం కాదు. అయినా 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషుతో సహా అచ్చువేసినాడు; జూలూరి అప్పయ్య వంటి పండితులను పోషించి తాళపత్రాలు పరిష్కరింపజేసినాడు; 1852లో నిఘంటువు వెలువరించినాడు. బ్రౌన్ గొప్పతనానికి కారణం కాలేజీ కాదు, కాలేజీ అడిగినదానికి మించి వినడం. ఆ పండితులకు రావలసిన కీర్తి రాలేదన్నదీ ఇక్కడ మరువరాదు.

మచిలీపట్టణంలో చర్చి మిషనరీగా ఉన్న ఆర్డెన్ 1873లో ప్రకటించిన వ్యాకరణం మరొక మెట్టు. పరదేశీయులకై వ్రాసిన ఆ గ్రంథం వాడుక రూపాలకూ గ్రాంథిక రూపాలకూ గల భేదాన్ని దాచలేదు. మన పాఠ్యగ్రంథాలు దాచినవి. ఆ భేదమే 1906-07 ప్రాంతంలో పాఠశాలల పర్యవేక్షకుడు యేట్సు దొరకు ఎదురైంది. పుస్తకంలోని తెలుగు ఒకటి, చెవిన పడే తెలుగు వేరొకటి ఎందుకైనవని ఆయన అడిగినాడు. విద్యార్థి అడుగవలసిన ప్రశ్నే అది. గురజాడ, గిడుగు మొదలైనవారు దానిని ఉద్యమంగా పెంచినారు. పరభాషను నిజాయితీగా నేర్చేవాడు ఆ భాషవారికే తమ భాషను చూపగలడనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

గిడుగు రామమూర్తి మరొక అడుగు ముందుకు వేసినారు. పర్లాకిమిడిలో సవరలను ఇంటికి పిలిచి వారి భాష నేర్చినారు. ఆ భాషకు వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడినవి. ఆయనకు చెప్పవలసిన సందేశమేదీ లేదు. సవర పిల్లలు సవరభాషలోనే చదువుకోవాలన్నదే కోరిక. మిషనరీ పట్టుదల, శ్రోత వినయం ఒక్క మనిషిలో కలిసిన ఘట్టమిది.

ఇప్పుడు మన అనువాదకుని స్థితి చూద్దాం. సాహిత్య అకాడెమీ 1954లో ఏర్పడింది. నేషనల్ బుక్ ట్రస్టు ఆదాన్ ప్రదాన్ మాల ద్వారా భాషల మధ్య గ్రంథాలను తిప్పింది. 1989 నుండి అనువాద పురస్కారమూ ఉన్నది. గోష్ఠులున్నవి. లేనిది భాషలో నివాసం. అందువల్ల తెలుగు నవల ఇంగ్లీషు మీదుగా మరొక భారతీయ భాషకు పోతున్న సందర్భాలు తక్కువ కావు. ఆ దారిలో ఏమి పోతున్నదో ఒక్క సర్వనామంతోనే తెలుసుకోవచ్చు. వాడు, అతడు, ఆయన, వారు అనే నాలుగు మెట్లు ఇంగ్లీషులో ఒక్కటే మాటగా అణగిపోతవి. ఆ ఒక్క మాటను చేతబట్టుకొన్న అనువాదకుడు, కోడలు మామగారిని ఎట్లు ప్రస్తావించిందో, కోపంలో ‘ఆయన’ ఎప్పుడు ‘వాడు’ అయినాడో ఊహించుకోవలసిందే. కన్యాశుల్కంలో గిరీశం ఇంగ్లీషు దర్పం, మధురవాణి మాటలోని మర్యాద, చమత్కారం ఈ మెట్లమీదనే నడుస్తవి. మెట్లు తీసివేస్తే కథ మిగులుతుంది, మనుష్యులు మిగలరు.

ఢిల్లీలోనే దీనికి విరుగుడు కొంత ఉన్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో నెలకొల్పిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలు తరతరాల తెలుగు పిల్లలకు చదువు చెప్పినవి. నోయిడాలో, ఫరీదాబాదులో, గుర్గావ్‌లో పెరిగే తెలుగు పిల్లలకు వీధి హిందీని, ఇంటి తెలుగును ప్రత్యేకంగా ఎవరూ నేర్పలేదు. ప్రోవోలో తొమ్మిది వారాలలో సాధించజూచే చొరవ వీరికి బాల్యంలోనే అబ్బింది. వీరికి కొరవడినది రెండు సాహిత్యాలను లోతుగా చదివించే గురువు. వారిని అనువాదానికి పిలిచినవారు అరుదు.

మతంకోసం రెండేండ్ల యౌవనాన్ని ఇచ్చే యువకులు వేలసంఖ్యలో ఉన్నారు. సాహిత్యంకోసం రెండేండ్లు ఒడియా పల్లెలోనో, పంజాబీ పట్టణంలోనో ఉండి, అక్కడి భాషను వినివచ్చే తెలుగు యువరచయితలు పదిమందియైన మనకు వద్దా? అట్లే ఒక కాశ్మీరీ యువతి, ఒక అస్సామీ యువకుడు రాజమండ్రిలోనో, వరంగల్లులోనో రెండేండ్లు ఉండరాదా? సంస్థలు వృత్తి కల్పించాలి. రచయితలు కాలం కల్పించాలి. పోయేవాడు మన గొప్పను చాటడానికి గాక, అక్కడివారి మాట వినడానికి పోవాలి. అట్టి శిక్షణ నేరుగా మూలంనుండి అనువదించేవారిని ఇస్తుంది. యేట్సు అడిగినటువంటి ప్రశ్నలను మన భాషను గురించి అడిగేవారినీ ఇస్తుంది. ఈ రెండవ లాభమే ఎక్కువ విలువైనది.