వినడమే ఆమె పనితనం

కర్నూలు జిల్లా ఆలూరు పక్క పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడు, జనం సుగ్గికని, అంటే కూలి వలసకని, గుంటూరు మిరప చేలకు పోతారు. ఊళ్లో ముసలివాళ్లు, అప్పులు మిగులుతాయి. అట్లాంటి ఇంటి గడపలో కూర్చుని ఓపిగ్గా వినే మనిషి ఆశా కార్యకర్త. బీపీ గురించి అడుగుతూనే "నిద్ర పడుతోందా పెద్దమ్మా?" అంటుంది. నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస తప్పితే దిగులు ముదిరిందని పసిగడుతుంది.

సలహాలకు కొదవలేదు: తాయెత్తు, యూట్యూబ్, పక్కింటివాళ్ల మాట. పనితనమున్న ఆశక్క ఎవరి నమ్మకాన్నీ తీసిపారేయదు. డాక్టరు దగ్గరికీ పొమ్మంటుంది. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 కలిపి ఫోను చేతికిస్తుంది. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. కొందరికి మాటలతో సాగే చికిత్స చాలు, కొందరికి మందులూ కావాలి. ఆ తేడా నిపుణులు చెప్పాలి.

జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో అవ్వలకే ఇట్లా వినే విద్య నేర్పాడు. ఒక్క సమస్యను ఎంచుకుని, దానికి చేయగలిగిన పనేమిటో బాధపడే మనిషితోనే చెప్పించడం వాళ్ల పద్ధతి. అది దిగులును తగ్గిస్తోందని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. వినే ఓపిక మన ఆశక్కకు ఇప్పటికే ఉంది. శిక్షణ, తగిన జీతం ఇవ్వడమే మిగిలింది.