ఆరు బీకర్ల ముందు

వానాకాలం గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే ఒడ్డు పట్టణాల వాటర్ వర్క్స్‌లో పటిక బస్తాల దగ్గర హడావుడి పెరుగుతుంది. నిన్నటి మోతాదు ఇవాళ పనికిరాదు. పొద్దున సరిపోయింది సాయంత్రానికి చాలకపోవచ్చు. ఎంత వెయ్యాలో ఆపరేటర్ నీళ్లనే అడిగి తెలుసుకోవాలి.

అలా అడగడానికే జార్ టెస్ట్. లీటరేసి రా వాటర్ పట్టిన ఆరు బీకర్లు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో పటిక ద్రావణం కొంచెం కొంచెం పెంచుతూ పోస్తారు. తెడ్లు ఒక నిమిషం జోరుగా, ఆ తర్వాత చాలాసేపు మెల్లగా తిరుగుతాయి. సన్నని మట్టి రేణువులన్నీ రుణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటాయి కాబట్టి ఎంతసేపటికీ అడుక్కి దిగవు. పటిక ఆ పంతం విడిపిస్తుంది. అప్పుడవి తగిలినచోటల్లా అతుక్కుంటాయి. మన అమ్మమ్మలు చిల్లగింజ అరగదీసి బిందెలో నీళ్లు తేర్చిందీ ఇలా రేణువుల్ని అతుక్కునేలా చేసే.

పనితనం తెలిసేది ఇక్కడే. కొత్తవాడు చివర్లో ఏ బీకరు తేటగా ఉందో చూసి ఆ మోతాదే రాసేస్తాడు. చెయ్యి తిరిగినవాడు మొదటినుంచీ కన్ను తియ్యడు. ఏ బీకర్లో ముందుగా నలకలు కట్టాయి? పిండిలా ఉన్నాయా, రవ్వలా గట్టిపడ్డాయా, దూదిపింజల్లా ఉబ్బాయా? పింజలు కంటికి ఇంపే గానీ, మరీ తేలికైతే తొట్టెలో దిగకుండా ఫిల్టర్ మీదికి కొట్టుకొస్తాయి. పటిక శ్రుతిమించితే ఆవేశం తిరగబడి నీళ్లు మళ్లీ మసకబారవచ్చు. క్షారత తరిగి సున్నం కలపాల్సి రావచ్చు. అందుకే అతడు అన్నిటికన్నా తేట బీకర్ని వదిలేసి, దానికి దాదాపు సాటివచ్చే తక్కువ మోతాదును పట్టుకుంటాడు. ఆ 'దాదాపు' ఉంది చూశారూ, మంచి వంటమనిషి ఉప్పు వేసే చెయ్యి లాంటిది.

ఫిల్టర్ కడిగేటప్పుడూ అదే చూపు. ఇసుక కింది నుంచి గాలి వదిలితే బుడగలు అంతటా సమంగా పొంగాలి. ఒక్కచోటే సలసలా లేస్తే కింద గులకరాళ్ల పొర కదిలిందేమోనని అనుమానిస్తాడు. క్లోరిన్ లెక్క వేరు: ప్లాంటు గేటు దగ్గర ఎంతున్నా, పైపు చివరి కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. సిలిండర్ లీకవుతోందేమోనంటే అమ్మోనియాలో తడిపిన గుడ్డ దగ్గరగా పడతారు. తెల్లటి పొగ లేచిందా, లీకు దొరికినట్టే.

మురుగుశుద్ధి మరో వింత. 1914లో మాంచెస్టర్‌కు చెందిన ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు, గాలి పట్టించిన మురుగు అడుగున దిగిన మడ్డిని పారబొయ్యకుండా దాంతోనే కొత్త మురుగును త్వరగా శుభ్రం చెయ్యవచ్చని చూపించారు. ఆ మడ్డి అంతా సూక్ష్మజీవుల మంద. ఇక్కడి ఆపరేటర్ ఒకరకంగా పశువుల కాపరి. లీటరు కొలజాడీలో అరగంట ఉంచి మడ్డి ఎంత మట్టానికి దిగిందో చూస్తాడు. తొట్టె దగ్గర వాసన పడతాడు: తడిమట్టి వాసనైతే మంద కులాసా, కుళ్లిన గుడ్డు వాసనైతే గాలి చాలలేదు.

మళ్లీ తాగేనీటికొస్తే, ఎన్‌టీయూ అనే యూనిట్లలో కొలిచే మసక 1 మించకపోతే మంచిదని మన ప్రమాణం. ఆ అంకె ఇప్పుడు తెర మీదే కనిపిస్తుంది. అయినా పటిక మార్చగానే అది మారదు. ఆ నీళ్లు తేరుడు తొట్టె దాటేసరికి గంటలు పడుతుంది. తెల్లారుజామున తిప్పిన వాల్వు ఎలా పనిచేసిందో, పొద్దున షిఫ్టుకొచ్చినవాడు గ్లాసు వెలుతురుకెత్తి చూస్తాడు. తిప్పినవాడు అప్పటికి ఇంట్లో నిద్రపోతుంటాడు.