గడప దాటిన మర్నాడు

మన సాహిత్యంలో భర్తను విడిచిన స్త్రీకి చోటు లేకపోలేదు. చలం గారి రాజేశ్వరి ఏనాడో ఇల్లు విడిచింది. రంగనాయకమ్మ గారి ‘జానకి విముక్తి’ మీద జరిగిన చర్చ చిన్నదేమీ కాదు. ఓల్గా గారి ‘స్వేచ్ఛ’ 1987లో వచ్చినప్పటినుంచి విద్యార్థినుల చేతుల్లో నలుగుతూనే ఉన్నది. వీటి విలువను నేను తక్కువ చేయబోవడం లేదు. అయితే ఒక్క మాట. ఇటువంటి ఇతివృత్తాలలో గడప దాటడమే పరాకాష్ఠ అవుతున్నది. నాయిక వీధిలో పడగానే రచయిత కలం కింద పెడుతున్నాడు, పాఠకుడు తృప్తిపడుతున్నాడు. మర్నాడు పొద్దున ఆమె పాలు ఎక్కడ కొన్నది? అడ్వాన్సు ఎవరి దగ్గర అప్పు తెచ్చి గది తీసుకున్నది? ఈ ప్రశ్నలు కళకు తగనివని మనవాళ్ళు అనుకుంటారు కాబోలు.

లూ సున్ అలా అనుకోలేదు. ఇబ్సెన్ నాటకంలో నోరా వెళ్ళిపోయిన తరువాత ఏమైందన్న ప్రశ్నతో ఆయన 1923లో పెకింగులో విద్యార్థినుల ఎదుట ఉపన్యసించాడు. మేలుకున్న మనసు ఒక్కటే వెంట ఉండి, సంచిలో డబ్బు లేకపోతే ఆమె చెడిపోవడమో, తిరిగి రావడమో తప్పదని చెప్పాడు. ఆ మాట ఎవరికీ రుచించేది కాదు. నిజం మాత్రం అదే.

తెలుగులో ఈ ప్రశ్నకు నిక్కమైన సమాధానం నాకు ఒక ఆత్మకథలో దొరికింది. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ 2012లో అచ్చయింది. ఆమె బాల్యవితంతువు. కొండపల్లి సీతారామయ్య గారిని పునర్వివాహం చేసుకుని కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చింది. పాటలు పాడింది, నాటకాలాడింది, అజ్ఞాతవాసం చేసింది. ఆ తరువాత భర్త ఆమెను విడిచిపెట్టాడు. కోర్టు కాగితం ఉన్నా లేకపోయినా విడిపోవడం విడిపోవడమే. పిల్లలను తల్లికి అప్పగించి, ముప్పై అయిదు దాటిన వయసులో హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి, మెట్రిక్ చదివింది. ఆపైన కాకినాడ మహిళా పాలిటెక్నిక్ హాస్టలులో మేట్రనుగా కుదిరింది.

ఈ పుస్తకం మీద వచ్చిన వ్యాసాలలో నేను చదివినవి చాలావరకు రెండు మాటల చుట్టూ తిరుగుతాయి: త్యాగం, దుఃఖం. కొడుకునూ కూతురినీ పోగొట్టుకున్న తల్లి గనుక దుఃఖానికి కొదవలేదు. కాని త్యాగమయి అని దండ వేసి పక్కన కూర్చోబెట్టడం వల్ల పుస్తకంలోని అసలు విషయం మరుగున పడుతున్నది. నడివయసులో పిల్లలతో కలిసి బల్లమీద కూర్చుని లెక్కలు నేర్చుకోవడం, పరీక్ష గట్టెక్కడం, మొదటి జీతం చేతికి రావడం – ఇవి వీరోచిత ఘట్టాలుగా మన విమర్శకు కనబడలేదు. ఆత్మవిశ్వాసం మనిషి గుండెలో ముందే పోసి ఉంటుందనీ, కష్టకాలంలో పైకి తీసి వాడుకోవచ్చుననీ భావవాదులు అంటే అనవచ్చు, వారి ధర్మం అది. కోటేశ్వరమ్మ గారి జీవితం చెప్పేది వేరు: ముందు సర్టిఫికెట్టు వచ్చింది, జీతం వచ్చింది, తలదాచుకోవడానికి ఒక చోటు వచ్చింది, ధైర్యం వాటి వెనకనే వచ్చింది.

ఆమెకు చోటిచ్చిన సంస్థ మాట కూడా చెప్పుకోవాలి. ఎనిమిదో ఏట జరిగిన పెళ్ళిని పెద్దయ్యాక కాదని బయటికి వచ్చి, బెనారస్ మెట్రిక్ నుంచి న్యాయశాస్త్రం దాకా చదివిన దుర్గాబాయి గారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్ష గట్టెక్కించే పద్ధతి ఆమె తన బతుకులోంచి తీసినదే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలయ్యాక, 1958లో దానినే దేశమంతటికీ పథకంగా తెచ్చారు. దుర్గాబాయి గారు కాంగ్రెసు మనిషి. పార్టీ కోసం సర్వం వదులుకున్న స్త్రీకి పార్టీ చూపించలేని దారిని కాంగ్రెసు మనిషి కట్టిన సంస్థ చూపించింది. ఈ సంగతి మనకు ఇబ్బందిగానే ఉంటుంది. ఉండవలసిందే. 1951లో పోరాటం విరమించాక తెలంగాణా స్త్రీలను ఇళ్ళకు పొమ్మన్నారు గదా. వెళ్ళడానికి ఇల్లు ఎవరికి మిగిలిందని ఎందరడిగారు? 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ స్త్రీలే నోరు విప్పి చెప్పేవరకూ మన చరిత్రకారులకు ఆ ఊసే లేదు.

నేనుండేది హబ్సిగూడలో. ఇక్కడి సందుల్లో ఆడపిల్లల హాస్టళ్ళూ, ఒంటిగది వాటాలూ లెక్కలేనన్ని. కాపురం చెడిన తరువాత మళ్ళీ చదువుకు వచ్చి వీటిలో తలదాచుకునే స్త్రీలను పాఠం చెప్పే నేను ఏటా చూస్తున్నాను. తార్నాక మీదుగా ప్రాంగణం దాటి విద్యానగర్ వైపు వెళితే నేటికీ మహిళా సభ సంస్థలు కనిపిస్తాయి. 1955 చట్టం విడాకుల హక్కు ఇచ్చింది. 1976 సవరణ పరస్పర అంగీకారంతో విడిపోనిచ్చింది. భరణం అడగవచ్చు. కాని ఇద్దరి శ్రమతో కట్టిన ఇల్లు భర్త పేరున ఉంటే అందులో సగం భార్యదని చెప్పే నిబంధన హిందూ వివాహ చట్టంలో నేటికీ లేదు. కనుక ఆమె ఒక సూట్‌కేసుతో వస్తుంది. ఇంటివారు అడిగే మొదటి ప్రశ్న: “మీవారు ఏం చేస్తుంటారమ్మా?” అబద్ధం చెబితే గది దొరుకుతుంది. నిజం చెబితే నాలుగు వీధులు తిరగాలి.

అటువంటి ఒక విద్యార్థినికి ‘నిర్జన వారధి’ ఇచ్చాను. త్యాగాన్ని గురించి ఆమె ఒక్క మాట అనలేదు. “మేట్రను ఉద్యోగానికి మెట్రిక్ చాలునా సార్, ఆ రోజుల్లో?” అని అడిగింది. మన విమర్శకులు అడగని ప్రశ్న అది. పుస్తకాన్ని సరిగా చదివింది ఆమేనని నా అభిప్రాయం.

చివరి రోజుల్లో సీతారామయ్య గారు చూడాలని కోరినప్పుడు కోటేశ్వరమ్మ గారు మొదట ఒప్పుకోలేదు. దీనిని కాఠిన్యమనే వారున్నారు. ఆ నిరాకరణను కాకినాడ హాస్టలు అధ్యాయాలతో కలిపి చదవమని వారిని కోరుతున్నాను.