ఒకే ఉత్తరము, మూడు యంత్రములు

ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని ఊహించుకొందము. శిక్షణ తరగతులకు హాజరు కావలసిన తేదీ తెలుపుచు ఆయనకు ఒక ఈమెయిలు వచ్చినది. పాఠశాల కార్యాలయములోని కంప్యూటరులో దానిని చదివెను. సాయంకాలము ఇంటికి పోయి, తేదీ మరల చూడవలెనని తన సొంత కంప్యూటరు తెరచెను. ఉత్తరము లేదు. ఫోనులో వెదకెను; అచ్చటను లేదు. పంపినవారు పంపితిమనుచున్నారు, ఈయన చదివితిననుచున్నాడు. ఇరువురి మాటయు నిజమే. ఇట్టి సమయమున "కంప్యూటరు మింగివేసినది" అని అనుకొనుట పరిపాటి. వాస్తవమునకు యంత్రము ఏ తప్పును చేయలేదు. తనకు విధించిన నియమమును అక్షరాల పాటించినది. ఆ నియమమును వ్రాసినవారు ఏమి తలచి వ్రాసిరో చూచినగాని ఉత్తరము ఎక్కడికి పోయినదో తెలియదు.

ఈమెయిలును సర్వరు నుండి తెచ్చుకొను పద్ధతులను నిర్ణయించు పత్రములకు ఆర్.ఎఫ్.సి.లని పేరు. ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. ఇంజనీర్లు వానిని నిఘంటువువలె వాడుకొందురేగాని, ఒక గ్రంథమును చదివినట్లు మొదటినుండి చివరివరకు చదివి మంచిచెడ్డలు విచారించువారు అరుదు. ఇచ్చట పరిశీలింపవలసినవి ముఖ్యముగా రెండు. జాన్ మైయర్స్, మార్షల్ రోజ్ 1996 మే నెలలో వెలువరించిన 1939వ పత్రము "పాప్" మూడవ రూపమును వివరించును. మార్క్ క్రిస్పిన్ 2003 మార్చిలో వెలువరించిన 3501వ పత్రము "ఐమాప్" పద్ధతిని వివరించును. మొదటిది 23 పుటలు, రెండవది 108 పుటలు.

పాప్ పత్రము దృష్టిలో సర్వరు ఒక తపాలా పెట్టె. యజమాని వచ్చును, ఉత్తరములు తీసికొనును, పెట్టెను ఖాళీచేసి పోవును. ఉత్తరమును దింపుకొని పిమ్మట సర్వరునుండి తొలగించుటయే సాధారణ పద్ధతియని ఉపోద్ఘాతములోనే చెప్పిరి. పాప్ మొదటి రూపము 1984లో వెలువడినది. ఆనాడు సర్వరులో స్థలము ఖరీదైన వస్తువు. ఒక మనిషి తన ఉత్తరములను రెండు మూడు యంత్రములలో చదువుకొనుట అరుదు. కావున ఆ కాలమునకు ఆ పద్ధతి తగియున్నది. మన ఉపాధ్యాయుని ఉత్తరము మాయమగుటకు కారణము కూడ ఇదియే. కార్యాలయపు కంప్యూటరు ఆ ఉత్తరమును తీసికొని పెట్టెను ఖాళీచేసినది.

అయినను ఆ 23 పుటలలో ఒక భాగము ప్రతి విద్యార్థియు చదువదగినది. అది తొలగింపునకు సంబంధించినది. "డెలీ" అను ఆజ్ఞ అందినంతమాత్రమున సర్వరు ఉత్తరమును తొలగింపదు. దానికి గుర్తు మాత్రము పెట్టును. పిమ్మట "క్విట్" అను ఆజ్ఞతో యంత్రము సెలవు తీసికొన్నప్పుడే గుర్తుపెట్టిన ఉత్తరములు నిజముగా పోవును. ఈలోగా కరెంటు పోయినను, తీగ తెగినను, ఒక్క ఉత్తరమును కూడ తొలగింపరాదని నిషేధము. అనగా, పని మధ్యలో చెడినచో ఒక ఉత్తరము రెండుమారులు రావచ్చునుగాని ఒకమారైనను రాకుండ పోరాదు. నష్టము తప్పనప్పుడు ఏ నష్టమును సహింపవలెనో ముందుగనే నిర్ణయించుకొనుట మంచి ఇంజనీరు లక్షణము.

లోపము మరియొకచోట నున్నది. ఒక యంత్రము పెట్టెను తెరచియుండగా దానికి తాళము పడును. రెండవ యంత్రమునకు ప్రవేశము లేదు. సర్వరులోనే ఉత్తరములను ఉంచి, ఏవి క్రొత్తవో గుర్తించుటకు ప్రతి ఉత్తరమునకు ఒక ప్రత్యేక గుర్తింపు నిచ్చు "యు.ఐ.డి.ఎల్." అను ఆజ్ఞ కలదుగాని, పత్రములో అది ఐచ్ఛికముల జాబితాలో చేరినది. పలు యంత్రములు గలవానికి అత్యవసరమైనదే ఐచ్ఛికమైనది! ఆ ఆజ్ఞ సాయముతో జనులు పాప్‌ను ఐమాప్‌వలె వాడుకొనుచున్నారని, చదివిన ఉత్తరములు సర్వరులో గుట్టలుగా పేరుకొనుచున్నవని రచయితలే చివరి భాగములలో ఒప్పుకొనిరి. ఆ నిజాయితీ మెచ్చదగినది.

క్రిస్పిన్ ప్రశ్ననే మార్చివేసెను. ఉత్తరమును ఎట్లు తెచ్చుకొనవలెనని కాక, అసలు ప్రతి ఎక్కడ నుండవలెనని ఆయన అడిగెను. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆయన ప్రారంభించిన ఐమాప్‌లో అసలు ప్రతి సర్వరులోనే యుండును. కంప్యూటరు, ఫోను చూపునవి దాని నీడలు. చదివినట్లు, బదులు వ్రాసినట్లు, తొలగింపదలచినట్లు పెట్టు గుర్తులు కూడ సర్వరులోనే నిలుచును. అందుచేత కార్యాలయములో చదివిన ఉత్తరము ఇంటిలో చదివినదిగానే కనబడును, మాయము కాదు. ఏకకాలమున పలు యంత్రములు ఒకే పెట్టెను తెరువవచ్చును. ఈ భావమంతయు తెలిసికొనగోరువారు 108 పుటలకు ముందు, ఆయనయే 1994 డిసెంబరులో వ్రాసిన 1733వ పత్రమును చదువుట మేలు. అది మూడు పుటలు మాత్రమే. 3501వ పత్రమున లేని స్పష్టత అందులో కలదు.

కాని ఐమాప్‌లో తొలగింపు విషయమై ఒక పెద్ద పొరపాటు దొరలినది. ఇచ్చటను తొలగింపు రెండు మెట్లు: మొదట గుర్తు, పిమ్మట "ఎక్స్‌పంజ్" అను ఆజ్ఞ. పాప్‌లో గుర్తు పెట్టినది ఏ యంత్రమో, తుడుచునదియు అదే యంత్రము. ఐమాప్‌లో గుర్తు అందరిది. అది ఏ యంత్రము పెట్టినదో వ్రాసియుండదు. "ఎక్స్‌పంజ్" మాత్రము పెట్టెలో గుర్తున్న ఉత్తరములన్నిటిని ఊడ్చివేయును. ఉపాధ్యాయుడు కంప్యూటరులో ఒక ఉత్తరమునకు గుర్తు మాత్రము పెట్టి, తీరికగా ఆలోచింతమని ఉంచెననుకొందము. రాత్రి ఫోనులో ఒక ప్రకటనను తుడిచివేయగా, ఫోను "ఎక్స్‌పంజ్" పంపినది. ప్రకటనతోబాటు ఆ ఉత్తరమును పోయినది. ఒకరి సందేహము మరియొకరి నిర్ణయముగా మారినదన్నమాట. పేర్కొన్న ఉత్తరములను మాత్రమే తుడుచు ఆజ్ఞ 1998లోనే అనుబంధ పత్రముగా వచ్చినది. అయినను 2003 నాటి మూల పత్రములో దానికి చోటు దొరకలేదు. 2021 ఆగస్టులో అలెక్సీ మెల్నికోవ్, బ్యారీ లీబా వెలువరించిన 9051వ పత్రమున అది మూలములో చేరినది. ఇరువది మూడు సంవత్సరములు! పద్ధతిని వ్రాయుటకంటె, వాడుకలోనున్న పద్ధతిని దిద్దుట ఎంత కష్టమో ఇందువలన తెలియును.

ఇంతకంటె లోతైన విషయమును గూర్చి రెండు పత్రములును మౌనము వహించినవి. పలు యంత్రములలో ఒకే ఉత్తరము కనబడుచున్నది గనుక దానికి పలు ప్రతులున్నవని చాలమంది భ్రమపడుదురు. ఒకదానినొకటి అనుసరించు ప్రతులు ఎన్ని యున్నను, తొలగింపు కూడ వాని వెంటనే ప్రయాణము చేయును. 2011 ఫిబ్రవరి చివర జీమెయిల్‌లో జరిగిన సంఘటన దీనికి నిదర్శనము. నిల్వచేయు ప్రోగ్రాములోని ఒక దోషమువలన కొందరి పెట్టెలు ఖాళీగా కనబడినవి. గూగుల్ సంస్థ చెప్పిన లెక్కనుబట్టి వారు మొత్తము వినియోగదారులలో 0.02 శాతము. వేర్వేరు కేంద్రములలో దాచిన పలు ప్రతులను ఆ దోషమే పాడుచేసినది. చివరకు ఉత్తరములను తిరిగి ఇచ్చినవి అయస్కాంతపు టేపులు. అవి ఆ సర్వరులతో కలిసి యుండలేదు గనుకనే ఆ దోషము వానిని చేరలేదు.

ఈ దృష్టితో చూచినచో పాత పాప్‌కు క్రొత్త ఉపయోగము కనబడుచున్నది. నిత్యము చదువుకొనుటకు ఫోనులోను కంప్యూటరులోను ఐమాప్ నుంచుకొని, ఒక యంత్రమున మాత్రము పాప్‌ను "సర్వరులో ప్రతి ఉంచుము" అను ఏర్పాటుతో పెట్టుకొనిన, అది దింపుకొన్న ఉత్తరము సర్వరులో ఏమి జరిగినను చెక్కుచెదరదు. ఆ ఏర్పాటు మరచిన మాత్రము మొదటి కథ పునరావృతమగును.

తరగతిలో దీనిని చూపుటకు ఐదు నిమిషములు చాలును. ఉపాధ్యాయుడు తనకుతానే ఒక ఉత్తరము పంపుకొని, అది ఫోనులోను కంప్యూటరులోను వచ్చినదని విద్యార్థులకు చూపవలెను. ఫోనును విమానపు స్థితిలో పెట్టి, అందులో ఉత్తరమును తొలగింపవలెను. కంప్యూటరు తెరపై అది ఇంకను ఉండును. ఈ రెండింటిలో ఏది నిజమని విద్యార్థులను అడిగి, వారి సమాధానములు నల్లబల్లపై వ్రాసి, పిమ్మట ఫోనును మామూలు స్థితికి తేవలెను. కొద్ది క్షణములలో కంప్యూటరు తెరపై నుండియు ఉత్తరము జారిపోవును. అది చెత్తబుట్టలో దొరకును; జీమెయిల్ అయినచో ముప్పది దినముల వరకు.