వక్తల జాబితా ఎవరి చేతిలో?

సదస్సుకు వక్తల జాబితా తయారయ్యే తీరు పెళ్లి పిలుపుల జాబితాకు ఏమీ తీసిపోదు. ముందు నోటికొచ్చిన పేర్లు పడిపోతాయి: కలిసి చదువుకున్నవాళ్లు, ఒకే గైడు దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లు, పోయినసారి బాగా మాట్లాడినాయన. అంతా నిండాక ఎవరో గుర్తుచేస్తారు, “ఒక్క మేడమ్ కూడా లేరేంటండీ?” అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. దొరికినావిడకు మిగిలేది వందన సమర్పణే.

గణితంలో ఈ మతిమరుపు మరీ ముదిరింది. అంతర్జాతీయ గణిత మహాసభలో ప్లీనరీ (సభ అంతా కలిసి వినే ప్రధాన) ఉపన్యాసమిచ్చిన తొలి మహిళ ఎమ్మీ నోదర్, 1932లో, జ్యూరిచ్‌లో. రెండో మహిళ కరెన్ ఉలెన్‌బెక్, 1990లో, క్యోటోలో. నడుమ 58 ఏళ్లు! అన్నేళ్లూ పిలవదగ్గ ఆడవాళ్లు లేరా అంటే, గణితంలో పేరుమోసిన హిల్బర్ట్ పదో సమస్య తేలడంలో పెద్ద పాత్ర ఉన్న జూలియా రాబిన్సన్ పనిచేసింది ఆ కాలంలోనే. 2010లో ఆ మహాసభ హైదరాబాద్‌కు వచ్చినప్పుడు బీజగణితవేత్త రామన్ పరిమళ ప్లీనరీ వేదిక ఎక్కారు.

“పిలుస్తాం, వాళ్లే రారు” అన్నది నిర్వాహకుల పాత పాట. అమెరికాలో పేరున్న 50 విశ్వవిద్యాలయాల ఉపన్యాసాలను పరిశీలించి 2018లో వెలువడిన అధ్యయనంలో ఆ మాట నిలవలేదు. పిలుపును కాదనడంలో ఆడవాళ్లేమీ ముందు లేరు.

మరి తేడా ఎక్కడ? సూక్ష్మజీవశాస్త్రవేత్తలు ఆర్టురో కాసడెవాల్, జో హాండెల్స్‌మన్ తమ రంగపు సభల్లో 460 సింపోజియాలను లెక్కతీశారు. నిర్వాహకుల్లో ఒక్క మహిళ ఉన్నా చాలు, మహిళా వక్తల వాటా, మగవాళ్లే కూర్చినవాటికంటే 72 శాతం ఎక్కువ. ఆ సభలు జరిపే అమెరికన్ సొసైటీ ఫర్ మైక్రోబయాలజీ ఈ లెక్కలను నిర్వాహకుల ముందు పెట్టింది, జాబితా రాసే బల్ల దగ్గర మహిళలను పెంచింది, అందరూ మగవాళ్లే ఉండే సెషన్లు వద్దంది. 2015 సభలో మహిళా వక్తలు 48.5 శాతం. అంతకుముందు దొరకనివాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారో మరి!

వేదిక కింద కథ ఇంకా మిగిలే ఉంది. 10 దేశాల్లో దాదాపు 250 సెమినార్లను గమనించిన మరో అధ్యయనంలో, హాల్లో ఎవరెంతమంది ఉన్నారో లెక్కలోకి తీసుకున్నా, ప్రశ్నలు ఎక్కువగా మగవాళ్లవే. మొదటి ప్రశ్న మగాయన అడిగితే ఆ తర్వాత ఆడవాళ్ల ప్రశ్నలు ఇంకా తగ్గాయి. ప్రశ్నలకు ఎక్కువ సమయం ఇచ్చినచోట తేడా కొంత సర్దుకుంది. మన సభల్లోనేమో గంట మోగినా ఒక వక్త ఆపకపోతే, అధ్యక్షులవారు ముందు కోత పెట్టేది సరిగ్గా ఆ సమయానికే.